ఊరికే వచ్చిన డబ్బు

రోలా అంటే షార్జాలో ఉండే మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఇక్కడ పెద్ద మర్రిచెట్టు ఉండేది. ఆ చెట్టు పేరే ఈ చోటికి వచ్చింది. 1978లో అది కూలిపోయింది. ఇప్పుడు పార్కులో దాని గుర్తుగా ఒక కట్టడం మాత్రం ఉంది. సెలవు రోజు సాయంత్రం అక్కడికి వెళితే జగిత్యాలవాళ్ళు ఓ పక్కన, గోదావరివాళ్ళు ఓ పక్కన, కడపవాళ్ళు ఓ పక్కన కనిపిస్తారు.

మొన్న అక్కడే ఒకాయన అన్నాడు, "ప్రభుత్వం ఊరికే డబ్బులిచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తోంది" అని. నేనూ తలూపాను. గదికొచ్చాక సిగ్గేసింది. ఊరికే డబ్బు తీసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి చివర్లో చెప్తాను.

పేదా గొప్పా చూడకుండా, పని చేస్తున్నావా లేదా అని అడక్కుండా, ప్రతి మనిషికీ నెలనెలా కొంత డబ్బిస్తే ఏమవుతుంది? మాటలతో తేలని ఈ ప్రశ్నని మన దేశంలోనే పరీక్షించి చూశారు. 2011లో మధ్యప్రదేశ్‌లో, ఇండోర్ చుట్టుపక్కల పల్లెల్లో సేవా అనే మహిళా సంఘం, యూనిసెఫ్ డబ్బుతో ఈ పని మొదలుపెట్టింది. ఎనిమిది ఊళ్ళలో అందరికీ, సుమారు 6,000 మందికి, డబ్బిచ్చారు. పెద్దవాళ్ళకి నెలకి 200 రూపాయలు, పిల్లలకి 100. ఏడాది తర్వాత దాన్ని 300, 150 చేశారు. పిల్లల డబ్బు తల్లి చేతికే. అలాంటివే మరో పన్నెండు ఊళ్ళలో ఏమీ ఇవ్వకుండా రెంటినీ పోల్చి చూశారు. ఈ పరిశోధన నడిపినవాళ్ళలో ఒకరు హైదరాబాద్‌లో ఉండే మన శరత్ దావల. గై స్టాండింగ్, రెనానా ఝాబ్‌వాలా కూడా వాళ్ళలో ఉన్నారు. 2015లో దీని మీద పుస్తకం కూడా వచ్చింది.

ఏం తేలింది? తాగుడు పెరగలేదు. తిండి మెరుగైంది, ఆడపిల్లలు బడికి వెళ్ళడం పెరిగింది. పని తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అయితే పని తీరు మారింది. ఒకరి చేలో కూలికి పోయేవాళ్ళు విత్తనాలో, మేకలో కొనుక్కుని సొంత పనిలో పడ్డారు. నాకు అన్నిటికంటే మనసుకి పట్టింది వేరే సంగతి. అప్పు తీర్చలేక ఏళ్ళ తరబడి ఆసామి దగ్గర జీతం ఉన్నవాళ్ళు కొందరు ఈ కాస్త డబ్బుతో బయటపడ్డారు. నేను వీసా కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వచ్చినవాణ్ణి. మొదటి మూడేళ్ళు ఎంత ఎండలోనైనా మేస్త్రీకి కాదని చెప్పలేకపోయాను. పనంటే ఇష్టమై కాదు, అప్పు ఉండి. నెలకి 300 రూపాయలు ఏం చేస్తాయని నవ్వేవాళ్ళకి ఈ తేడా తెలియదు.

మన రోలాకి దగ్గర్లోనే షార్జా క్రీక్ ఉంది కదా, అక్కడ ఆగే చెక్క పడవల్లో ఇరాన్ నుంచి వచ్చేవి చాలా ఉంటాయి. ఆ ఇరాన్‌లో 2010 డిసెంబరు నుంచి పెట్రోలు, రొట్టె మీద సబ్సిడీలు కోసేసి, బదులుగా మనిషికి నెలకి 45,500 తుమాన్లు ఇచ్చారు. ఇది పరీక్ష కాదు, దేశమంతా ఇచ్చిన డబ్బు. అక్కడా సోమరితనం గురించి గోల అయింది. లెక్కలు తీసిన ఆర్థికవేత్తలకి మాత్రం జనం పని మానేసిన జాడ కనిపించలేదు. ధరలు పెరిగి ఆ డబ్బు విలువే కరిగిపోయింది, అది వేరే కథ.

ఇక మన సంగతి. 2018 మే 10న కరీంనగర్ జిల్లాలో రైతుబంధు మొదలైంది. ఎకరాకి పంటకి 4,000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5,000. ఎరువులకి పెట్టావా, పిల్ల ఫీజు కట్టావా అని అడిగేవాళ్ళు లేరు. ఆ లెక్కన షరతు లేనిదే. ఉన్నది ఒక్కటే షరతు, పట్టా పాసుపుస్తకం. పదెకరాలుంటే పదెకరాలకీ వచ్చేది. అదే పొలాన్ని కౌలుకి దున్నేవాడికి పైసా వచ్చేది కాదు. 2025 జనవరి 26న అది రైతు భరోసా అయి ఎకరాకి ఏడాదికి 12,000కి పెరిగింది. అదే రోజు భూమి లేని కూలీలకి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని ఏడాదికి 12,000 ఇచ్చే పథకం మొదలుపెట్టారు. దానికి ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పని చేసి ఉండాలన్నారు. చూశారా, భూమి ఉన్నవాణ్ణి అడగని మాట భూమి లేనివాణ్ణి అడిగారు.

ఈలోగా హైదరాబాద్‌లో బాత్ విశ్వవిద్యాలయంవాళ్ళు, మోంట్‌ఫోర్ట్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు కలిసి చెత్త ఏరుకుని బతికేవాళ్ళుండే బస్తీల్లో ఇంకో పరీక్ష చేశారు. అందులోనూ శరత్ దావల గారి చెయ్యి ఉంది. పెద్దవాళ్ళకి నెలకి వెయ్యి, పిల్లలకి ఐదొందలు. అక్కడ ఎవరినీ పాసుపుస్తకం అడగలేదు.

ఇక నా సంగతి. ఊళ్ళో నాకు రెండెకరాలుంది. కౌలుకిచ్చి వచ్చాను. 2018 నుంచి రైతుబంధు నా ఖాతాలో పడుతూ వచ్చింది. నేనిక్కడ ఏసీ గదిలో ఉంటే అక్కడ వానకి తడిసిందీ, విత్తనాలకి అప్పు చేసిందీ మా కౌలు రైతు. ఒకసారి ఫోన్లో అడిగాడు, "అన్నా, పైసలు పడ్డాయా?" అని. పడ్డాయన్నాను. "మంచిదన్నా" అని వానల గురించి మాట్లాడాడు. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం. బాగానే పట్టింది, మూడేళ్ళు.

ఇప్పుడు ఆ డబ్బు పడ్డరోజే అంతకంతా కౌలులో తగ్గిస్తున్నాను. మొదటిసారి చెప్పినప్పుడు, "దాంతో ముందు మోటారు బాగుచేయించు, తమ్మీ" అన్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ నవ్వింది. "అప్పుడే షరతు పెట్టారా?" అంది.