పై ముడతా, కింది ముడతా: కెమెరాకు చత్వారం అద్దాలు వచ్చిన కథ

మిరప వేసే వాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. తామర పురుగు కీటకం, నల్లి సాలెపురుగు బంధువు. ఒకదానికి కొట్టే మందు రెండోదానికి చాలాసార్లు పనిచేయదు. మరి ఒకే చేలో రెండూ ఉంటే? ముదిరాక ముడత చూసి చెప్పడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టమే. తామర పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. నల్లి అందులో ఐదో వంతు. సరిగ్గా కంటికి ఆననిదాని మీద మనం డబ్బాలకు డబ్బాలు కొడుతున్నాం.

ఇవాళ్టి పోస్టులో మందుల పేర్లు ఉండవు. ఇంత చిన్నదాన్ని పెద్దగా చూడటం, ఫొటో తీసి ఇంకొకరికి చూపించడం మామూలు మనుషుల చేతికి ఎలా వచ్చిందో చెప్తాను. కాస్త పొడుగు పోస్టే, టీ పెట్టుకుని చదవండి.

హాలండ్‌లో డెల్ఫ్ట్ అని ఒక ఊరు. 1632లో అక్కడ పుట్టిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ బట్టల వ్యాపారి. గుడ్డ నాణ్యత తేలాలంటే భూతద్దం పెట్టి దారాలు లెక్కపెట్టాలి, ఆ వ్యాపారంలో అది మామూలే. ఆయన అక్కడితో ఆగలేదు. గాజుతో చిన్న పూసంత కటకం చేసి, రెండు లోహపు రేకుల మధ్య బిగించి, కంటికి ఆనించుకుని చూశాడు. ఒక్కటే కటకం, అయినా రెండు వందల రెట్లకు పైగా పెద్దది చేసి చూపించేది. ఆయనకు లాటిన్ రాదు, పెద్ద చదువూ లేదు. చూసిందల్లా సొంత డచ్ భాషలో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరాలుగా రాశాడు. చెరువు నీళ్లలో సూక్ష్మజీవుల్ని చూసిన మనిషిగా ఆయన పేరు బడి పుస్తకాల్లో ఉంది. నాకు మాత్రం ఆయన ఇంకో పనికి ఇష్టం. 1690లలో పేనుబంకను కోసి లోపల గుడ్ల కోసం వెతికాడు. గుడ్లు కనపడలేదు, తల్లి రూపంలోనే ఉన్న బుల్లి పిల్లలు కనిపించాయి. మగపురుగు ఎక్కడా దొరకలేదు. నాలుగు రోజుల్లో చేనంతా పేనుబంక ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి అదే మొదటి మెట్టు. కనిపెట్టింది బట్టల షావుకారు!

అప్పటికి ఫొటో లేదు. చూసింది బొమ్మ గీయించాలి, లేదా మాటల్లో చెప్పాలి. నమ్మేవాళ్లు నమ్ముతారు, లేనివాళ్లు లేదు.

ఫొటో వచ్చాక ఈ పనికి దిగినవాళ్లలో మన వృత్తి మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, జెరిఖో అనే ఊరు. విల్సన్ బెంట్లీ అక్కడ పాడి రైతు కొడుకు, తానూ రైతే. పదిహేనేళ్లప్పుడు తల్లి మైక్రోస్కోపు ఇచ్చింది. దానికి తిత్తి కెమెరా తగిలించి, 1885 జనవరి 15న మంచు రేణువు ఫొటో తీశాడు. వేడి లేని కొట్టంలో, చలిలో, ఊపిరి తగిలితే రేణువు కరిగిపోతుందని ఊపిరి బిగపట్టి చేసిన పని. నల్ల పలక మీద మంచు పట్టి, పుల్లతో రేణువును గాజు మీదకి మార్చి, ఈకతో మెల్లగా అదిమేవాడు. చలికాలాల్లో అలా ఐదు వేలకు పైగా ఫొటోలు తీశాడు, మిగతా రోజుల్లో వ్యవసాయం. గాజు పలకల మీద బొమ్మలు ఐదేసి సెంట్లకు అమ్మాడు. రెండు వేల నాలుగు వందల బొమ్మలతో పుస్తకం 1931లో వచ్చింది, ఆ డిసెంబరులోనే పోయాడు. పాల డబ్బులు వదిలేసి మంచు వెంట పడ్డాడేంటని ఊళ్లో వాళ్లు నవ్వే ఉంటారు. ఏ ఊరైనా అంతే కదా.

అయితే మైక్రోస్కోపు కొనగలిగేది ఎందరు? ఇక్కడే అసలు కథలోకి వస్తాం.

1900లో కొడాక్ వాళ్లు బ్రౌనీ అనే డబ్బా కెమెరా ఒక్క డాలరుకి అమ్మారు. మన దగ్గర ఒకప్పుడు పెళ్లిళ్లలో కనిపించిన ఆగ్ఫా క్లిక్-3 ఆ వరసదే. ఈ కెమెరాలకి ఫోకస్ మార్చే వీలు లేదు. కొన్ని అడుగుల దూరం నుంచి అవతల అంతా బాగానే పడుతుంది, దగ్గరికి వెళ్తే మసక. దానికి కొడాక్ ఇచ్చిన మందు చాలా చవక: లెన్సు ముందు తొడిగే ఒక గాజు బిళ్ల. పోర్ట్రెయిట్ అటాచ్‌మెంట్ అని అమ్మారు, మొహం దగ్గరగా తీసుకోవడానికి.

ఇది ఏంటో మన నాయనమ్మలకి చెప్పినా అర్థమవుతుంది. నలభై దాటాక పేపరు దూరంగా పట్టుకుంటాం, చత్వారం వచ్చిందని ప్లస్ అద్దాలు ఇస్తారు. ఆ డబ్బా కెమెరాకి పుట్టుకతోనే చత్వారం, ఈ బిళ్ల దాని కళ్లజోడు. లెక్క కూడా కళ్లజోడు లెక్కే. డయాప్టర్ అనే ఆ కొలతకు పేరు పెట్టింది ఫ్రాన్సు కంటి డాక్టరు ఫెర్డినాండ్ మోనోయే, 1872లో. దూరం చూసే కెమెరాకి ప్లస్ ఒకటి తగిలిస్తే మీటరు దగ్గర ఫోకస్ అవుతుంది. ప్లస్ రెండుకి అరమీటరు, ప్లస్ నాలుగుకి పాతిక సెంటీమీటర్లు, ప్లస్ పదికి పది. మీటరుని పవరుతో భాగించడమే.

తర్వాత తొంభై ఏళ్లు ఈ బిళ్లలు ఫొటో షాపుల్లో మూలన పడి ఉన్నాయి. పెద్ద కెమెరాల వాళ్లు వీటిని చిన్నచూపు చూశారు, దానికి కారణం ఉంది. ఒంటి గాజు బిళ్లతో అంచుల్లో రంగులు చెదురుతాయి. రెండు రకాల గాజు అతికిస్తే ఆ రంగులు సర్దుకుంటాయని 1700లలోనే తెలుసు. లండన్ అద్దాల వ్యాపారి జాన్ డాలండ్ 1758లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అలాంటి జోడు బిళ్లకి ధర ఎక్కువ.

చిన్న డిజిటల్ కెమెరాలు వచ్చాక లెక్క మారింది. 1999లో నికాన్ కూల్‌పిక్స్ 950 వచ్చింది. అదేం చౌక కాదు, ఉన్నది ఇరవై లక్షల పిక్సెళ్లే. కానీ రెండు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లి తీసేది. ఒంటిని రెండు ముక్కలుగా తిప్పొచ్చు, లెన్సు మొక్క మొదట్లో పెట్టి తెరని పైనుంచి చూడొచ్చు. పురుగుల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని వదల్లేదు. దానికి ఒక చిక్కు ఉంది: రెండు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తే కెమెరా నీడ పురుగు మీద పడుతుంది, లేదా పురుగే ఎగిరిపోతుంది. అప్పుడు పాత కళ్లజోడు గుర్తొచ్చింది. జూమ్ పూర్తిగా లాగి, ముందు ప్లస్ బిళ్ల పెడితే, జానెడు దూరం నుంచే పురుగు తెర నిండా వస్తుంది. జపాన్‌లో రేనాక్స్ అనే కంపెనీ ప్లస్ ఎనిమిది లెన్సుని బట్టల క్లిప్పులా నొక్కి తగిలించేలా చేసింది. అదీ కొనలేనివాళ్లు మూలన పడిన 50 మిల్లీమీటర్ల పాత లెన్సుని తిరగేసి ముందు పెట్టారు. అది ప్లస్ ఇరవై! చిన్న కెమెరాలో సెన్సరు చిన్నది కాబట్టి పురుగులో ఎక్కువ భాగం స్పష్టంగా పడుతుంది. ఖరీదైన కెమెరా ఇక్కడ కాస్త వెనకబడింది, అది చూస్తే నాకు లోపల్లోపల సంతోషమే.

ఇప్పుడు అదే బిళ్ల ఫోనుకి క్లిప్పుతో వస్తోంది.

2021 మనకి గుర్తే. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిరప పూత మీదే రాలిపోయింది. మొదట్లో చాలామంది ఎప్పుడూ వచ్చే తామర పురుగే అనుకున్నారు. ఎప్పుడూ వచ్చేది లేత పసుపు రంగులో లేత ఆకుల మీద ఉంటుంది. ఈసారి వచ్చింది పూలలో గుంపుగా ఉండే నల్ల తామర పురుగు, ఆగ్నేయాసియాది. మన దేశంలో 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనపడింది. కచ్చితమైన జాతి తేల్చడం శాస్త్రవేత్తల మైక్రోస్కోపు పని, క్లిప్ లెన్సుతో కాదు. కానీ నల్లగా ఉందా పసుపా, పూలో ఉందా ఆకు మీదా అన్నది మన గట్టు మీద నిలబడి తీసిన ఫొటోలో తెలిసిపోతుంది. కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకి "ఏదో పురుగు పడింది సార్" అని ఫోన్లో చెప్పడానికి, ఆ ఫొటో పంపడానికి చాలా తేడా ఉంది.

నల్లి విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి, ప్లస్ పదితో అది కదిలే చుక్కలాగే కనిపిస్తుంది. తామర పురుగుకి పొద్దున్నే, గాలి లేవకముందు వెళ్లండి. పువ్వుని తెల్లకాగితం మీద దులపండి, మోచేతులు మోకాళ్లకి ఆనించుకోండి, ఫోనుని ముందుకీ వెనక్కీ మెల్లగా జరుపుతూ వరసగా పది ఫొటోలు తీయండి, ఒకటి కుదురుతుంది. చెయ్యి అలవాటు పడేదాకా నీలి రంగు జిగురు అట్టలకి అంటుకున్న వాటిని తీయండి, అవి ఎటూ పోవు.