జమీన్ లోపలి మెహమాన్లు

మాది వేటపాలెం. అబ్బా పర్చూరు వైపు నల్లరేగడిలో మిర్చి కౌలు చేసేవారు. మొక్క డీలా పడితే ఆయన దగ్గర ఒకటే ఇలాజ్: ఇంకో బస్తా డీఏపీ. మట్టికీ ఒక తారీఖ్ ఉందని మాకెవరూ చెప్పలేదు.

పత్తి, మిర్చి వేళ్లతో ఒక ఫంగస్ దోస్తీ చేస్తుంది. నూలుపోగు కన్నా సన్నని పోగులు చాచి మొక్కకు భాస్వరం తెస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది. ఈ దోస్తీ వయసు 40 కోట్ల ఏళ్ల పైమాటే.

1970లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త బార్బరా మోస్ ఇలాంటి ఫంగస్ బీజాల లోపల బ్యాక్టీరియాను పోలిన చుక్కలు చూశారు. హకీకత్ తేలడానికి 26 ఏళ్లు పట్టింది. 1996లో ఇటలీ పరిశోధకులు గిగాస్పోరా మార్గరీటా అనే ఫంగస్‌లో డీఎన్ఏ పరీక్షించి, అవి బ్యాక్టీరియాలేనని సబూత్ చూపారు. అంటే మెహమాన్ ఇంట్లో ఇంకో మెహమాన్! ఆ బ్యాక్టీరియాను తీసేస్తే ఫంగస్ పోగులు సరిగా సాగవని తర్వాత తెలిసింది. బ్యాక్టీరియా కూడా ఫంగస్‌ను వదిలి బతకలేదు.

భాస్వరం ఎరువు మితిమీరితే మొక్క ఫంగస్‌ను పోషించడం తగ్గిస్తుంది. అబ్బా బస్తా మీద బస్తా వేసి, అప్పు చేసి మరీ ఆ దోస్తీని తెంచారేమో. ఆయనది కసూర్ కాదు, ఆ ఇల్మ్ మా గట్టు దాకా రాలేదు. ఈసారి డీఏపీ కొనేముందు భూసార పరీక్ష చేయించండి భాయ్.