జాహిజ్ చూచినది, డార్విన్ చెప్పినది

బస్రా నగరానికి చెందిన జాహిజ్ (మరణం హిజ్రీ 255, క్రీ.శ. 868-69) ఏడు సంపుటాలలో రచించిన 'కితాబుల్ హయవాన్' అరబ్బీ వాఙ్మయంలో సుప్రసిద్ధ గ్రంథం. డార్విన్ కంటె వేయేండ్ల ముందే ఆయన పరిణామ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారని మన సభలలో తరచు వింటుంటాము. ఈ మాటలో నిజమెంతో విచారించడం అవసరం.

ఎలుక ఆహారానికై బయలుదేరి తనకంటె బలహీనమైన ప్రాణులను తింటుందనీ, తనను తినే పాములకు, పక్షులకు భయపడుతుందనీ జాహిజ్ వ్రాశారు. ఈ గొలుసులో ఆయన సృష్టికర్త వివేకాన్ని దర్శించారు. అయితే ఇది తినేదానికీ, తినబడేదానికీ గల సంబంధం. ఒకే ఆహారాన్ని ఆశించే రెండు జాతుల పోటీ వేరు. ఒకేచోట నివసించే ప్రాణులు అలవాట్లలోను, శరీర నిర్మాణంలోను ఎంత భిన్నమైతే అన్ని ఎక్కువ ప్రాణులకు అక్కడ బ్రతుకుతెరువు దొరుకుతుందని, జాతులు చీలి వేరుపడడానికి ఇదొక కారణమని డార్విన్ 1859లో వాదించారు.

దీనికి ప్రత్యక్ష నిదర్శనం చాలాకాలం తరువాత లభించింది. గాలపాగోస్ దీవులలోని ఫించ్ పిట్టల ముక్కుల తేడాలకు ఆహారం కొరకైన పోటీయే కారణమని డేవిడ్ లాక్ 1947లో వివరించారు. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుండి డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో ఆ పిట్టలను ఏటేటా కొలిచారు. 1977 కరువులో మధ్యరకం ఫించ్‌లలో పెద్ద ముక్కువి ఎక్కువగా బ్రతికాయి. మన పల్లేరుకు దగ్గరి చుట్టమైన మొక్క గట్టి కాయలను అవి పగులగొట్టగలిగాయి. 1982లో అంతకంటె పెద్ద ఫించ్ జాతి ఆ దీవిలో స్థిరపడింది. 2004-05 నాటి కరువులో ఆ కాయలను చాలావరకు అదే తినివేసింది. ఈసారి మధ్యరకంలో పెద్ద ముక్కు పిట్టలు ఎక్కువగా మరణించగా, చిన్న ముక్కువి మిగిలాయి. కరువు ఒకటే, ప్రత్యర్థి రాకతో ఫలితం తారుమారయింది.

కనుక జాహిజ్‌కు లేని సిద్ధాంతాన్ని ఆయనకు అంటగట్టనక్కరలేదు. కళ్ళారా చూడటం, విన్నదానిని పరీక్షించడం, ప్రాచీనుడైన అరిస్టాటిల్ మాటనైనా ప్రశ్నించడం ఆయన ఘనత. ఆయన వారసులమని చెప్పుకునే మనం ఆయన గ్రంథాన్ని కూడ అదే దృష్టితో చదవడమే ఆయనకు తగిన గౌరవం.