గుత్తి గొలుసు నుంచి ఉపగ్రహ పటం దాకా

1811లో సర్వే అధికారి విలియం లాంబ్టన్ గుత్తి దగ్గర గొలుసు పరిపించి ఒక సరళరేఖ కొలిచాడు. 1802లో మద్రాసులో మొదలైన మహా త్రికోణమితి సర్వేకు అదొక ఆధారరేఖ. దాని కొసల నుంచి కొండలకు కోణాలు తీసి, త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ ఉత్తరానికి సాగారు. కోణాలు తీసే థియోడొలైట్ బరువే సుమారు అర టన్ను. ఇప్పుడు పురావస్తు పరిశోధకులు వాడే జీఐఎస్‌కు, అంటే భౌగోళిక సమాచార వ్యవస్థకు, మన సీమలో వేరు అక్కడుందని నా నమ్మకం.

తర్వాత వచ్చినవాళ్లు రాళ్లు చూడబోయి చరిత్ర చూశారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ ప్రాంతపు రాతిగొడ్డళ్లను, బూడిదదిబ్బలను రాసిపెట్టాడు. గుత్తికి దగ్గరి ఎర్రగుడిలో అశోకుడి శాసనాలను 1929లో గుర్తించిన అనూ ఘోష్ కూడా భూగర్భ శాస్త్రవేత్తే. కల్యాణదుర్గం వైపు పాలవాయి బూడిదదిబ్బను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామిరెడ్డి తవ్వారు. నవీన శిలాయుగపు పశుపాలకులు పేడ కుప్పలు కాల్చగా మిగిలిన బూడిద అది.

1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ భూవనరుల లెక్క కోసం కంప్యూటర్‌లో పటాలను పొరలుగా పేర్చాడు; జీఐఎస్ అలా మొదలైంది. 1980లలో ఆ పద్ధతి పురావస్తు శాస్త్రంలోకి వచ్చింది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల్లో భూమ్మీది నేలలో అధికభాగం ఎత్తుపల్లాలు కొలిచేసింది. ఆ ఎత్తుల నుంచి వంకలు ఎటు పారతాయో కంప్యూటరే గీస్తుంది. దాని మీద బూడిదదిబ్బలు, రాక్షసగుళ్లనే పాత బండ సమాధులు, చెరువు కట్టలు చుక్కలుగా పెడితే మందకు నీళ్లెక్కడ, మేత ఎంత దూరం అని అడగవచ్చు. తవ్వకం ఒక్క గుంట సంగతి చెబుతుంది, పొరలు సీమంతటి సంగతి అడగనిస్తాయి. చెట్టూచేమా తక్కువైన ఈ కరువు నేలలో పాత కట్టలు ఉపగ్రహ చిత్రాల్లో దాగవు కూడా.

ఈ పని ఆలస్యం కాకూడదు. గుప్తనిధుల కోసం రాక్షసగుళ్లు పెకలించేవాళ్లున్నారు, కొండలు క్వారీలవుతున్నాయి. బండ కదిలించాక అది ఏ వాలులో, ఏ వంకకు ఎంత ఎడంగా నిలిచిందో మళ్లీ కొలవలేం.

నాకైతే ఊళ్ల పేర్లు కూడా ఒక పొరగా వేయాలనిపిస్తుంది. బుక్కరాయల మంత్రి చిక్కఒడయలు 1364లో కట్టించాడని చెప్పే చెరువుల పక్కనే అనంతపురం, బుక్కరాయసముద్రం వెలిశాయి. పెనుకొండ వైపు కొత్తచెరువు ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట సముద్రాలని, చెరువులని పేర్లు పెట్టుకున్న ఊళ్లన్నిటినీ చుక్కలుగా పెట్టి, వాటి కింద పాత వంకలు గీసి చూడాలి.