మజిలీ, తాండా, అడ్డా, పార్కింగ్: దక్షిణ తెలంగాణలో బండి నిలిపే చోటు – చారిత్రక పరిశీలన

కీలక పదాలు: మజిలీ, తాండా, అడ్డా, పాలమూరు, నల్లగొండ, పార్కింగ్, మొబైల్ యాప్.

1. ఉపోద్ఘాతం

నగరంలో బండి నిలిపే చోటును చూపే మొబైల్ యాప్‌ను నేటి సాంకేతిక విషయంగానే భావిస్తున్నాం. కానీ ‘ఎక్కడ ఆగవచ్చు?’ అన్న ప్రశ్న ప్రయాణమంత పాతది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జనవ్యవహారంలో ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాలు కొన్ని మాటల రూపంలో నిలిచి ఉన్నాయి. ఆ మాటల చరిత్రను పరిశీలించి, డ్రైవర్ల కోసం యాప్ రూపొందించేవారు దాని నుంచి గ్రహించదగినదేమిటో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఖాళీ జాగాను చూపినంత మాత్రాన యాప్ మార్గదర్శి కాజాలదు. ఆ జాగాలో ఎవరికి ఏ అవసరం, ఏ హక్కు ఉన్నాయో కూడా అది చెప్పగలగాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. మజిలీ: చోటుతోపాటు దాని వివరం

‘మజిలీ’ అరబ్బీ ‘మంజిల్’ నుంచి వచ్చిన మాట. ప్రయాణంలో దిగే చోటని దాని అర్థం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, కృష్ణానదిని దాటి, వనపర్తి, జడచర్ల ప్రాంతాల మీదుగా హైదరాబాదు చేరారు. ఆ యాత్రను వివరించే ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. అందులో ఆయన మజిలీల పేర్లు చెప్పి ఊరుకోలేదు. ఆమడల లెక్కన దూరం, దారి తీరు, నీటి వసతి, అంగళ్లు, దిగడానికి అనువైన చోటు వంటి వివరాలను తన తరువాత వచ్చే బాటసారికి పనికివచ్చేలా నమోదు చేశారు. నేటి పరిభాషలో ఇది ప్రయాణికుడి అవసరం చుట్టూ అల్లిన సమాచార వ్యవస్థ. చోటు ఎక్కడుందన్నదానితోపాటు, అక్కడ దిగినవాడికి ఏం దొరుకుతుందన్నదీ అందులో ఉంది.

ఎడ్లబండి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. బండి ఆపడమంటే కాడి దించడం. కాడి దించిన చోట ఎడ్లకు నీళ్లు, మేత, నీడ ఉండాలి. బండి పట్టేంత జాగా ఉన్నంత మాత్రాన అది ఆగదగిన చోటు కాదు.

3. తాండా: ఆగిన చోటే ఊరైన వైనం

లంబాడీలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కను అంతటా వర్తకం సాగించారు. ‘తాండా’ అన్న మాటకు తొలి అర్థం అలా సాగే ఎడ్ల బిడారు. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ వర్తకం అంతరించాక, బిడారును చెప్పిన మాటే స్థిరనివాసానికి పేరైంది. దేవరకొండ నుంచి అచ్చంపేట వరకు కనిపించే తాండాల పేర్లలో ఈ చరిత్ర దాగి ఉంది. ఆగే చోటుకూ అక్కడి జీవనానికీ నడుమ గీత గీయడం సులభం కాదని ఈ ఒక్క మాటే చెబుతుంది.

4. స్టాండు, అడ్డా

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. ప్రభుత్వ బస్సుతోపాటు వేళ, నిర్ణీత స్థలం ప్రయాణంలో భాగమయ్యాయి. ‘బస్టాండు’ ప్రభుత్వం నిర్ణయించిన చోటు. దానికి పక్కనే జనం నిర్ణయించుకున్న ‘అడ్డా’ ఏర్పడింది. ఆటో అడ్డా, లారీ అడ్డా, కూలీల అడ్డా అన్నీ ఒకే మాటతో చెప్పుకుంటున్నాం. ఆనకట్టలు, కాలువలు కట్టడానికి దేశమంతటా తిరిగిన పాలమూరు కూలీల వారసులు నేటికీ ఉదయం పూట నగర కూడళ్లలో పని కోసం నిలబడుతున్నారు. బండి ఆగడమూ మనిషి ఎదురుచూడడమూ ఒకే మాటలో ఇమిడిపోవడం యాదృచ్ఛికం కాదు. రెండింటికీ అర్థం బతుకుదెరువే.

అడ్డాకు రాతపూర్వకమైన పటం లేదు. వరుసలో ఎవరి ఆటో ముందు, సంతనాడు ఏ పక్కన ఆపకూడదు అన్నవి నోటి మాటగానే సాగుతాయి. లారీ క్లీనరు వెనక నిలబడి ‘రానీ, రానీ’ అంటూ అరచేత్తో బాడీని తడితే, డ్రైవరు చెవితో విని బండిని వెనక్కు తెస్తాడు. ఆపే చోటు చూపడంలో కంటి కంటే చెవికి ఉన్న ప్రాధాన్యాన్ని ఈ పద్ధతిలో గమనించవచ్చు.

5. తెర మీది ‘ఖాళీ’

1935 జూలై 16న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో తొలి పార్కింగ్ మీటరు పనిచేయడంతో, వీధి జాగా గంటల లెక్కన అమ్ముడయ్యే వస్తువైంది. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం వీధులలో సెన్సర్లు అమర్చి, గిరాకీని బట్టి రుసుము మారుస్తూ, ఖాళీల సమాచారాన్ని ఫోన్లకు అందించింది. మన దగ్గర 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మాల్స్, మల్టీప్లెక్సులలో తొలి అరగంట పార్కింగ్ ఉచితమని ఉత్తర్వు ఇచ్చింది. చోటుకు వెల ఉండాలా, ఎవరు చెల్లించాలి అన్న చర్చ ఇక్కడా మొదలైందనడానికి అది నిదర్శనం.

అయితే సెన్సరు దృష్టిలో బండి లేని చోటల్లా ఖాళీయే. నల్లగొండ గడియారం సెంటరులోనో, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరో ఉదయం ఖాళీగా కనిపించే జాగా, సాయంత్రం తోపుడుబండికి జీవనాధారం కావచ్చు. వీధి వ్యాపారుల హక్కులను 2014 నాటి కేంద్ర చట్టం గుర్తించింది. ఆ జాగాను యాప్ ఖాళీగా చూపిస్తే, కారున్నవాడి సౌకర్యం కోసం కారు లేనివాడి చోటు తెర మీద మాయమవుతుంది. తెర మీద మాయమైనది వీధిలో ఎక్కువ కాలం నిలవదు.

కనుక యాప్ రూపకల్పనలో నాలుగు అంశాలు ముఖ్యం. ఒకటి, డ్రైవింగ్‌లో ఉన్నవారికి సమాచారం తెలుగులో, మాట రూపంలో అందాలి. ఈ జిల్లాల నుంచి వెళ్లి హైదరాబాదులో ఆటోలు, క్యాబులు నడిపేవారికి ఇంగ్లీషు తెర ఆటంకమే. రెండు, జనం పిలిచే గుర్తులతోనే చోటు చెప్పాలి. మూడు, కారుకు, ఆటోకు, ట్రాక్టరుకు తగిన చోట్లను వేరుగా చూపాలి. నాలుగు, అడ్డాలను, వీధి వ్యాపార స్థలాలను వేళలతో సహా నమోదు చేసి, ఆ వేళల్లో వాటిని పార్కింగ్ ఖాళీలుగా చూపకూడదు.

6. ముగింపు

మజిలీలో బాటసారి అవసరం, తాండాలో ఒక సమూహం జీవనం, అడ్డాలో పనివారి ఒడంబడిక ఉన్నాయి. ‘పార్కింగ్’ అన్న మాటలో మాత్రం బండి, జాగా తప్ప మనిషి కనిపించడు. మునుపటి మూడు మాటలు దాచుకున్న అనుభవాన్ని నాలుగో మాటకు అందించడం సాంకేతిక నిపుణుల పని మాత్రమే కాదు. అడ్డాల నోటి నియమాలను, స్థలాల వాడుక పేర్లను సేకరించి భద్రపరచడం భాషా పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని. పటం గీయడం పూర్తయ్యాక చేసే సేకరణ, అప్పటికే చెరిగిపోయిన చోట్లను తిరిగి తేలేదు.