నీళ్లకు లొంగే గాజు

గాజుగ్లాసులో ఏళ్ల తరబడి నీళ్లు పోసుకుని తాగుతాం. గ్లాసు ఇసుమంతైనా అరిగినట్టు కనిపించదు. అలాంటిది, నీళ్లలో వేస్తే పటికబెల్లంలా కరిగిపోయే గాజు ఉందంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఉంది. అది ఇసుకకు బదులు భాస్వరంతో చేసే ఫాస్ఫేటు గాజు.

1833లో స్కాట్లాండు రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం ఒక సోడియం ఫాస్ఫేటు లవణాన్ని కరిగేదాకా కాల్చి, చప్పున చల్లార్చిన పదార్థం గురించి రాశాడు. స్ఫటికాలు కట్టకుండా తేటగా మెరిసే ఆ గాజు నీళ్లలో కరిగిపోయింది. గ్రాహం లవణంగా పేరుపడిన దాన్నే వందేళ్ల తర్వాత అమెరికాలో కాల్గన్ పేరుతో అమ్మారు. సబ్బు నురగ రాని నీళ్లలోని కాల్షియాన్ని అది పట్టి ఉంచుతుంది.

1880లలో జర్మనీలోని యేనాలో ఓటో షాట్, ఎర్నెస్ట్ అబ్బే సూక్ష్మదర్శినుల కోసం కొత్త గాజులు వెతికారు. భాస్వరం కలిసిన గాజు వెలుగును వాళ్లు కోరినట్టే వంచింది. కానీ గాలిలోని చెమ్మకే మసకబారడంతో అలాంటి కొన్ని రకాలను వదులుకోవాల్సి వచ్చింది.

లోపమంతా అల్లికలో ఉంది. ఇసుకగాజులో ప్రతి సిలికాన్ నాలుగు ఆక్సిజన్ల ద్వారా నాలుగు దిక్కులా పొరుగువాటితో ముడిపడగలదు. భాస్వరం చుట్టూ కూడా ఆక్సిజన్లు నాలుగే. అయితే ఒకదాన్ని అది జంటబంధంతో తనకే అట్టేపెట్టుకుంటుంది. ముడికి మిగిలేవి మూడు. సోడియం కలిపేకొద్దీ అవీ తెగుతాయి. సోడియం, భాస్వరం సమానమయ్యేసరికి వల కాస్తా పొడవాటి గొలుసులవుతుంది. ఇంకా కలిపితే గొలుసులు పొట్టివవుతాయి. సోడియం పట్టు బలహీనం కనుక గొలుసుల మధ్యకు నీరు సులువుగా దూరి వాటిని విడదీస్తుంది. 1950లలో పరిశోధకులు ఈ బలహీనతనే పనిముట్టు చేసుకున్నారు: గాజును నీళ్లలో కరిగించి, క్రోమటోగ్రఫీ కాగితం మీద గొలుసులను పొడవు వారీగా వేరుచేశారు.

మందు కూడా పాళ్లలోనే దొరికింది. సోడియం స్థానంలో అల్యూమినియమో ఇనుమో చేరితే పక్కపక్క గొలుసులను గట్టిగా కుట్టేస్తుంది. సోవియట్ యూనియన్‌లోని మయాక్‌లో 1987 నుంచి అణువ్యర్థాలను సోడియం అల్యూమినోఫాస్ఫేటు గాజులో బంధించారు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని రోలాలో డెల్బర్ట్ డే బృందం 1990లలో ఇనుప ఫాస్ఫేటు గాజును శోధించింది. మోల్ లెక్కన 40 పాళ్లు ఐరన్ ఆక్సైడు, 60 పాళ్లు భాస్వరపు ఆక్సైడు ఉన్న గాజులో పొడవాటి గొలుసులు ఉండవు. భాస్వరాలు ఎక్కువగా జంటలుగా ఉంటాయి, ఆ జంటలను ఇనుము కలుపుతుంది. నీళ్లు కోసే ముడులు తగ్గడంతో ఈ గాజు నీటికి గట్టిగా నిలిచింది.

అయినా కరిగే గుణాన్ని మనిషి పారేయలేదు. బ్రిటన్‌లో ఆవులకు, గొర్రెలకు ఫాస్ఫేటు గాజు గోలీలు మింగిస్తారు. వాటిలో రాగి, కోబాల్టు, సెలీనియం ఉంటాయి. పశువు మేత మేస్తూ తిరుగుతుంటే, గోలీ దాని పొట్టలో నెలల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ మేతలో కొరవడిన ఖనిజాలను అందిస్తుంది. యేనాలో కటకాన్ని చెడగొట్టిన గుణమే ఇక్కడ పశువుకు బలమవుతోంది. గాజు ఎన్నాళ్లు నిలవాలో, ఎన్నాళ్లలో కరగాలో మూసలో పడే పాళ్లతోనే తేల్చవచ్చు.