సీసం నేర్పిన సగం లెక్క

వ్యాన్‌నే ఇల్లు చేసుకుని తిరిగే అమెరికా, యూరప్ వాసులు చాలాకాలం బ్యాటరీని ఒకే సూత్రంతో కొన్నారు: కావలసినదానికి రెట్టింపు. దుబారాలా కనిపించే ఆ లెక్కకు మూలం సీసంలో ఉంది.

1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల్ని ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి గంధకామ్లంలో ముంచాడు. అయిపోయాక మళ్లీ ఛార్జి ఎక్కించుకునే బ్యాటరీ అలా పుట్టింది. 1881లో కెమిల్ ఫోర్ రేకులకు సీసపు ఆక్సైడు ముద్ద పట్టించాక ఫ్యాక్టరీల్లో తయారీకి దారి పడింది. 1912లో క్యాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. ఇంజన్‌ని లేపడానికి కొన్ని సెకన్లపాటు భారీగా కరెంటు కావాలి, అందుకు పలచటి రేకులు నయం. రాత్రంతా ఫ్రిజ్ నడవాలంటే మందపాటివి ఉండాలి. ఆ రెండు పనులూ ఒకే బ్యాటరీకి అప్పగిస్తే తెల్లారేసరికి బండి స్టార్టు కాదు. అందుకే క్యాంపర్ వ్యాన్లో ఇంటి వాడకానికి వేరే బ్యాటరీ పెడతారు.

మందపాటి రేకులున్నా సీసాన్ని అడుగంటా పిండితే ఆయుష్షు తరిగిపోతుంది. ఖాళీగా వదిలేస్తే సల్ఫేట్ గట్టిపడి మళ్లీ ఛార్జి పట్టదు. అందుకే సగం వాడాక ఆపేయాలంటారు, రెట్టింపు కొనాలన్న సూత్రం అక్కడినుంచి వచ్చిందే. పైగా ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుందని 1897లో జర్మనీకి చెందిన ప్యూకర్ట్ సూత్రం కట్టాడు. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీ మీద ‘150 ఏహెచ్, సి20’ అని ఉంటుంది చూడండి, 20 గంటలపాటు నిదానంగా 7.5 ఆంపియర్ల చొప్పున వాడితేనే ఆ 150 ఆంపియర్ అవర్లు అని దానర్థం. ఈ చిన్న అక్షరాలు చదివి కొనేవాళ్లు తక్కువ.

1950లలో జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లలో మంచాలూ అరలూ అమర్చినప్పుడు ఈ బాధలేవీ లేవు. కరెంటు తినే సామాను వ్యాన్లోకి ఎక్కాకే లెక్కలు మొదలయ్యాయి. ఉదాహరణకు 45 వాట్ల ఫ్రిజ్ మోటారు రోజుకు పది గంటలు తిరిగితే 450 వాట్ అవర్లు, 20 వాట్ల ఫ్యాన్ ఎనిమిది గంటలకు 160, లైట్లు, ల్యాప్‌టాప్, ఫోన్లకు మరో 200. మొత్తం 810, మన కరెంటు బిల్లు లెక్కలో ఒక యూనిట్ కూడా కాదు. 12 వోల్టులతో భాగిస్తే దాదాపు 68 ఆంపియర్ అవర్లు. సోలార్ పలకలతో ఛార్జి చేసుకునేవాళ్లకు రెండు రోజులు మబ్బు పట్టినా గడవాలంటే 136. సీసమైతే 272 కొనాలి, బరువు సుమారు 80 కిలోలు!

1997లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్ బృందం లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను బ్యాటరీలో వాడొచ్చని ప్రకటించింది. ఆ రకం బ్యాటరీలో 80 శాతం వాడినా బెంగ లేదు. పై లెక్కకు 170 ఆంపియర్ అవర్లు సరిపోతాయి, బరువు పాతిక కిలోల లోపే. ధర మాత్రం చాలాకాలం చుక్కల్లోనే ఉంది. ఈ బ్యాటరీకీ ఒక పట్టింపు ఉంది. సున్నా డిగ్రీల కింద ఛార్జి ఎక్కిస్తే పాడవుతుంది. మంచు దేశాల్లో తిరిగేవాళ్లు బ్యాటరీకి హీటరు పెట్టి, అది తినే కరెంటునూ లెక్కలో కలుపుకుంటారు.